రెండు లైన్ల శపథం

నాందేడ్‌లో నా పేరు చాలామందికి గుర్తులేదు. నా కాళ్లు గుర్తున్నాయి. కూరగాయల బజారుకు వెళ్తే ముఖం చూసి నమస్కారం పెట్టేవాళ్లకంటే, కిందికి చూసి నవ్వేవాళ్లే ఎక్కువ. "ఇప్పుడు తొడుగుతున్నడు" అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటారు.

తప్పు వాళ్లది కాదు. ఒక మరాఠీ దినపత్రికలో వ్యాఖ్య రాసే ఉద్యోగం చేసి, దాంట్లోనే తల నెరిపించుకుని, దాంట్లోనుంచే రిటైరయ్యాను. కరువు మీద, కాలువల మీద, పంటల ధరల మీద నేను రాసిన వ్యాసాలు మా ఇంటి అటక మీద ఉన్నాయి. చెదలు కూడా వాటి జోలికి పోలేదు, రుచించి ఉండవు. ఊరికి గుర్తున్నది వాటిలో ఒకే ఒక్క వాక్యం: "ఈ చైర్మన్ కుర్చీ దిగే దాకా నేను కాళ్లకు చెప్పులు తొడగను."

అంత తెలివితక్కువ వాక్యం ఎందుకు రాశావయ్యా అంటే, ధర్మాగ్రహం అని చెప్పుకోవచ్చు. కొన్నేళ్లు అలాగే చెప్పుకున్నాను కూడా. అసలు సంగతి ఏమిటంటే, ఆ రోజు నా వ్యాసం రెండు లైన్లు తక్కువైంది.

పత్రికల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, ఉద్యోగం గురించి నాలుగు మాటలు రాసిపెట్టమంటారు. సంపాదకీయం అనే మాటలో సంపాదన ఉంది కదా అనుకుని ఎవరైనా వస్తుంటే, అది మాటలోనే ఉందని ముందే చెప్పేస్తున్నాను. ఆ మాటలో పాదం కూడా దాగి ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇది ఆ పాదాల కథ.

పగటిపూట మంట

మాది తెలంగాణ సరిహద్దున మర్ఖేల్ పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో దక్కనీ ఉర్దూ. కలలు మాత్రం తెలుగులోనే వచ్చేవి. అందుకే నేను మరాఠీలో రాసిన అగ్రలేఖలు కాస్త నిద్రమత్తుగా ఉంటాయని మా సంపాదకులు జోషి సార్ అనేవారు. అగ్రలేఖ అంటే మన సంపాదకీయమే. కోపం వచ్చిన రోజు నేను రాసేదాన్ని ఆయన ఉగ్రలేఖ అనేవారు.

దెగ్లూర్ వెళ్లే రోడ్డు మీద, ఊరు అయిపోయే చోట, రైతుల సహకార జిన్నింగ్ మిల్లు ఒకటి ఉండేది. పత్తిలోంచి గింజ తీసి బేళ్లు కడతారు. ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలు ఉంది కాబట్టి పేరు అక్కరలేదు. మిల్లు వెనక రేకుల ఇళ్ల వాడ. భూమి లేని కుటుంబాలు బిలోలి, దెగ్లూర్ వైపు సరిహద్దు ఊళ్ల నుంచి పత్తి పనికని వచ్చి అక్కడే ఉండిపోయాయి. మిల్లు బావి నుంచి ఒక పైపు బయల్దేరి, మంటలార్పే తొట్టిని నింపి, అక్కడి నుంచి వాడ కొళాయికి పోయేది. అది ఏర్పాటు.

ఆ ఏడు ఆ పైపు దారి మార్చుకుని మిల్లు చైర్మన్‌గారి బత్తాయి తోటకు పోయింది. ఎవరూ మాట్లాడలేదు. వాడ ఆడవాళ్లు రోడ్డు దాటి ఎక్కడెక్కడినుంచో నీళ్లు మోసుకొచ్చుకున్నారు. ఎండలు మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, పత్తి గోదాములో మంట లేచింది.

ఆ సాయంత్రం ఊరంతా కాలిన పత్తి తునకలు తేలాయి. చప్పుడు లేకుండా, తొందర లేకుండా, ఎటు పోవాలో తెలియని నల్లటి పిట్టల్లాగా. గోదావరి ఘాట్ మెట్ల మీద, ఆరేసిన చీరల మీద, తందూరీ చాయ్ గ్లాసుల్లో దిగాయి. మా ఇంటి తులసి మీద ఒకటి వాలింది. తాకితే అది ఎప్పుడూ లేనట్టే మాయమైంది. వృత్తిలో నేను చూసిన విపత్తుల్లో అంత అందంగా ఉన్నది ఇంకొకటి లేదు. అందుకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

మర్నాడు వాడకు వెళ్తే, సాయవ్వ అనే ఆమె మాట్లాడింది. మిల్లులో పత్తి ఏరే పని ఆమెది.

"తొట్టి కాడికి ఉరికినం సారూ. అండ్ల కుక్క పండుకొని ఉన్నది, సల్లగున్నదని. మమ్ముల జూసి తోకాడిచ్చింది."

"నీళ్లు ఎప్పటి సంది లేవు?"

"బత్తాయి పూసినప్పటి సంది. మా కాలెండర్ గదే ఇప్పుడు. పూతకు నల్లా బందైంది, పిందెకు బిందె ఎండింది."

నేను మహా గంభీరంగా, "ఆ చైర్మన్‌ను దింపాలని రాస్త" అన్నాను.

"రాయి సారూ. గని ఆయన దిగితె పైపు ఎక్కుతదా?"

మంచి మాట అని మెచ్చుకుని, మనసులో రాసుకుని, మరిచిపోయాను. వ్యాఖ్యాతలకు ఆ జబ్బు ఉంది. మాట బాగుంటే అర్థం అడగరు.

ఖాళీ

వ్యాసం ఉగ్రంగానే వచ్చింది. ఎండిన తొట్టి, పచ్చని తోట, తోకాడించిన కుక్క, అన్నీ ఉన్నాయి. చైర్మన్ తక్షణం తప్పుకోవాలి, లేదా సంచాలకులు, అంటే మిల్లు డైరెక్టర్లు, అవిశ్వాసం పెట్టి తప్పించాలి. అంతటితో నా పని అయిపోయింది. చాయ్ తాగుతున్నాను.

పేజీలు పెట్టే షకీల్ భాయ్ కంప్యూటర్ ముందు నుంచి కేకేశాడు: "సాబ్, దో లైన్ కమ్ హై!"

ఈ ఉద్యోగంలో యంత్రాలు ఎన్ని మారినా ఈ ఒక్క కేక మారలేదు. వ్యాసానికి ఇచ్చిన డబ్బా ఇంత అని ముందే గీసి ఉంటుంది. రాసింది ఎక్కువైతే కొయ్యాలి, తక్కువైతే నింపాలి. మీరు జీవితంలో రాసే అతి చెడ్డ వాక్యాలన్నీ నింపడానికి రాసినవే అయి ఉంటాయి.

"ఏం చేద్దాం భాయ్?"

"చైర్మన్‌సాబ్ ఫోటో జరా బడా కర్‌దూఁ క్యా? బరాబర్ నిండిపోతది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన్ని దించమని రాసిన వ్యాసంలో ఆయన ముఖాన్ని పెంచడమా! షకీల్ భాయ్‌ను పక్కకు జరిపి, నేనే ఆ రెండు లైన్లు కొట్టాను. డబ్బా చక్కగా నిండింది. "వాహ్, ఫిట్ హోగయా" అన్నాడు షకీల్ భాయ్. ఆ రోజు జోషి సార్ సెలవులో ఉన్నారు.

మా వైపు ఈ శపథాల సంగతి తెలియనివాళ్లకు చెబుతాను. మా అన్న ఎమ్మెల్యే అయ్యే దాకా గడ్డం తియ్యను, మా దాదా మంత్రి అయ్యే దాకా చెప్పులు తొడగను అని కార్యకర్తలు ఒట్టు పెట్టుకుంటారు. నాయకుడు గెలిస్తే ఆయనే స్వయంగా కొత్త చెప్పులు తెచ్చి తొడుగుతాడు, శాలువా కప్పుతాడు, ఫోటోలు దిగుతారు. అది ఒక రకం భక్తి. ఒక నాయకుడు పోవాలని ఎవరూ చెప్పులు విడవలేదు. నేను భక్తిని తిరగేసి తొడుక్కున్నాను. తిరగేసి తొడిగింది ఏదైనా కరుస్తుంది.

తెల్లారి గడప దగ్గర చెప్పుల్లో కాలు పెట్టబోతుంటే, మా ఆవిడ సులోచన పేపర్ పట్టుకుని నిలబడింది.

"ఆగు. ఇది నువ్వే రాసినవా, నీ పేరు మీద ఇంకెవలన్నా రాసిన్రా?"

"నేనే."

"అయితే ఆ కాలు ఎనకకు తీస్కో."

"అది ఊరికే, రెండు లైన్లు తక్కువైతే..."

"రెండు లైన్లు తక్కువైతే చెప్పులిడిసినవ్. పేజీ తక్కువైతే ఇల్లిడుస్తుంటివా? మంచిగనే ఉన్నది. చెప్పులు మా అత్తమ్మ ఫోటో పక్కన పెడ్తున్న. దండ ఎయ్యాల్నా వద్దా, నువ్వే చెప్పు."

అప్పటినుంచి ఎవరు 'చెప్పు' అన్నా ఉలిక్కిపడటం మొదలైంది.

జోషి సార్ సెలవు నుంచి వచ్చి, నా ముఖం చూడకుండా కాళ్లు చూసి కూర్చున్నారు. "అహో, గట్టు మీద నిలబడి నది ఎటు పోతోందో చెప్పే ఉద్యోగం మీకిచ్చాను" అన్నారు. "మీరు దూకారు. ఇక నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో చెప్పగలరు, అంతే." తర్వాత ఫైలు తెరుస్తూ, "చల్లగా ఉన్నాయా?" అని అడిగారు. కాలుతున్నాయని చెప్పాను.

నేల విడిచి, నేలకు దిగి

అన్నాళ్లూ నేల విడిచి సాము చేశానని ఆ వేసవిలో తెలిసింది.

తెల్లవారుజామున నడక హాయిగా ఉండేది. ఘాట్ రాళ్లు రాత్రి చల్లదనాన్ని పట్టుకుని ఉండేవి. ఒక్కో రాయిది ఒక్కో చల్లదనం. పాత బస్తీ గల్లీలో ఎవరో వాకిలి కడిగిన తడి పాదం కింద తగిలితే, చాలా ఏళ్ల కింద మా అమ్మ అలికిన ఇల్లు ఒక్క క్షణం నా కిందికి వచ్చి వెళ్లేది. అంతకుముందు నీడ అంటే చూసేది అనుకున్నాను. అది తొక్కేదని తెలిసింది. వేపచెట్టు నీడ ఒక రకం, బ్యాంకు బోర్డు నీడ ఒక రకం, ఆగిన బస్సు నీడను నమ్మకూడదు. మధ్యాహ్నం అయ్యేసరికి తారు మెత్తబడి నా వేళ్ల గుర్తులు పట్టుకునేది. నేను ఊరి మీద ముద్ర వేసింది అప్పుడే.

కానీ మీకు చెప్పాల్సింది అది కాదు. వాట్సాప్‌లో నా కాళ్ల ఫోటోలు తిరిగాయి. చాయ్ దుకాణంలో మండిందా అంటారు, కొబ్బరి నూనె రాయమంటారు. ఒక కాలేజీ వాళ్లు పిలిచి శాలువా కప్పారు, నేలకు కప్పి ఉంటే బాగుండేది. ఎవరూ తొట్టి గురించి అడగలేదు, కొళాయి గురించి అడగలేదు. ఎవరో ఎందుకు, నేనూ అడగలేదు. ఆ తర్వాత నేను ఏం రాసినా అది చెప్పుల మాటే అయింది. వానలు ముందే రావచ్చని రాస్తే, పాపం కాళ్ల కోసం రాసుకున్నాడు అన్నారు.

వ్యాఖ్య రాసేవాడు తానే వార్త అయిపోతే అసలు వార్త చచ్చిపోతుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు, బొబ్బలతో చెబుతున్నది.

తప్పు వాక్యం

ఆ వ్యాసంలో ఇంకో వాక్యం ఉంది. "మిల్లు కాలుతుంటే చైర్మన్ పెళ్లి పందిట్లో భోజనం చేస్తున్నారు" అని. ఇద్దరు చెప్పారు, రాశాను. ఆ ఇద్దరూ మిల్లు సంచాలకులే. ఇద్దరికీ ఆ కుర్చీ మీద కన్నుంది. నాకు అది తెలుసు. తెలిసీ, వాక్యం కుదిరిందని ఉంచాను.

మళ్లీ వాడకు వెళ్లినప్పుడు సాయవ్వ నా కాళ్లు చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇప్పుడు మా లెక్కనే ఉన్నవ్ సారూ."

"నవ్వకు సాయవ్వా. నీళ్లచ్చినయా?"

"యాడచ్చినయ్? గని సారూ, ఆయన పెండ్లిల ఉండె అని రాసిన్రంట గద. ఈడనే ఉండె ఆయన. మా రాజవ్వ పొగల పడిపోతె ఆయననే ఉరికచ్చి గుంజి బయటేసిండు. చెయ్యి కాలింది గూడ."

"మొన్ననే ఎందుకు చెప్పలే?"

"నువ్వడిగినవా? నీళ్ల ముచ్చటడిగినవ్, నీళ్ల ముచ్చట జెప్పిన."

రాజవ్వను అడిగాను. ఆమె కూడా అదే చెప్పింది. "మంచోడా చెడ్డోడా నాకెర్కలే. నా రెక్క పట్టి గుంజింది ఆయననే" అంది.

అప్పటికి సంచాలకుల అవిశ్వాస సమావేశం దగ్గరపడింది. ఇది అచ్చు వేస్తే చైర్మన్ నిలబడతాడు, నేను చెప్పుల్లేకుండా నిలబడతాను. వెయ్యకపోతే ఎవరికీ తెలియదు. జోషి సార్ దగ్గరికి వెళ్లి విషయం చెప్పి, ఏమంటారని అడిగాను. ఆయన పెన్ను మూత పెట్టి, "మీ కాళ్లను మాత్రం అడగకండి" అన్నారు.

సవరణ వేశాం. మూలన చీమల్లాంటి అక్షరాల్లో కాదు, తప్పు ఎక్కడ వేశామో అక్కడే, అంతే పెద్దగా. మిగతా ఆరోపణ అలాగే ఉంచాం, పైపు తోటకు పోయిన మాట నిజమే కాబట్టి. పిల్లలూ, ఈ ఒక్క పని నేను సరిగ్గా చేశాను. దానికి నాకు దక్కిన కీర్తి: "ఎండకు మెత్తబడ్డడు."

అవిశ్వాసం వీగిపోయింది. మనిషిని మంటల్లోంచి లాగినవాణ్ని దించితే బాగుండదని సంచాలకులు వెనక్కి తగ్గారు.

తడి రోడ్డు

చైర్మన్‌గారు కూడా మా సరిహద్దు ఊళ్ల రైతు కుటుంబమే. తిట్టడానికి మరాఠీ, బుజ్జగించడానికి తెలుగు వాడేవారు. ఇంకొకరైతే నా మీద కేసు వేసేవారు. ఆయన వెయ్యలేదు. ఒక సభలో చేతి కట్టు పైకెత్తి చూపించి, మైకులో తెలుగులోకి దిగారు.

"నా మీద రాసినోడు నా దిక్కు నిజం గూడ రాసిండు. అసొంటి మనిషి కాళ్లు కాలద్దు. రేపటి సంది మన మిల్లు ట్యాంకర్ ఆయన నడిచే రోడ్డు మీద నీళ్లు చల్లుతది!"

చప్పట్లు. ఈలలు. మర్నాడు మధ్యాహ్నం ఇంటి ముందు ట్యాంకర్ నిలబడి ఉంది. వెనక చిల్లుల గొట్టం ఉన్న రకం, రోడ్డు పనుల్లో దుమ్ము అణచడానికి వాడేది. డ్రైవర్ మారుతి, సగరోళి వైపువాడు.

"నడువుండ్రి సారూ. నేను ముంగట చల్లుకుంట పోత."

"అవసరం లేదు బాబూ, వెళ్లిపో."

"గట్లెట్ల పోత? ఆర్డరున్నది. మీరు ఎటువోతె అటు చల్లుమన్నడు."

నేను పక్క గల్లీలోకి తిరిగాను. ట్యాంకర్ తిరిగింది. చాయ్ దుకాణంలో దూరాను. బయట నిలబడింది. సులోచన మిద్దె మీద నుంచి చూసి, "రథం ముంగట, దేవుడు ఎనక! ఈ ఊరేగింపు తిరగేసున్నది!" అని అరిచింది.

నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. కాగిన రోడ్డు మీద నీళ్లు పడి లేచే ఆవిరి, తొలకరి వాసన, దాంట్లో నేను మెల్లగా నడుస్తూ. నిద్రకూ మెలకువకూ మధ్య ఉన్న రోడ్డులాగా ఉండేది. ముందు నల్లగా మెరుస్తూ పరుచుకుంటూ పోతుంది, నా వెనక ఆరిపోతుంది. ఇప్పటికీ నా కలల్లోకి ఆ రోడ్డే వస్తుంది. ఒక నాయకుడు వ్యాఖ్యాతను కొనాలంటే డబ్బు సంచీ అక్కర్లేదు, ఎండలో కొంచెం తడి చాలు. ఎంత చవకగా దొరుకుతానో ఆ వేసవిలో తెలిసింది.

ఒక రోజు అలా తేలుతూ తేలుతూ, మాటవరసకు అడిగాను.

"మారుతీ, ఈ నీళ్లు యాడ నింపుకొస్తున్నవ్?"

"ఇంకేడ సారూ, మిల్లు బాయిల."

కాళ్లు ఆగిపోయాయి. ఆ బావి నీళ్లు తొట్టికి పోవాలి, వాడకు పోవాలి. పైపులో ఉన్నవి బత్తాయిలకు పోతున్నాయి. మిగిలినవి నా అరికాళ్లకు వస్తున్నాయి. బత్తాయికి పోస్తే కనీసం కాయలు కాస్తాయి. సాయవ్వ అడిగిన మాట, ఆ దిగడం ఎక్కడం ముచ్చట, అన్నాళ్ల తర్వాత అప్పుడు అర్థమైంది. ఆమెకు కుర్చీతో పని లేదు. నేను కుర్చీ తప్ప ఏమీ రాయలేదు.

దిగడం గురించి

చైర్మన్ నా రాతల వల్ల దిగలేదు. ఇది ఇక్కడే చెప్పేస్తే మీరు దాని కోసం ఎదురుచూడకుండా ఉంటారు. పదవీకాలం అయ్యాక, శాలువాల మధ్య, ఇంకా పెద్ద కుర్చీకి వెళ్లారు. పైకి పోవడం దిగడం కిందికి వస్తుందా రాదా అని చాయ్ దుకాణంలో పెద్ద చర్చ జరిగింది. షకీల్ భాయ్ తీర్పు చెప్పాడు: "ఆ కుర్చీ దిగకుంట ఈ కుర్చీ ఎట్ల ఎక్కుతడు సాబ్? హోగయా, చెప్పుల్ పెహన్‌లో." సులోచన మా అమ్మ ఫోటో పక్కనుంచి చెప్పులు తెచ్చింది. అవి నా కాళ్లకు పట్టలేదు. పాదాలు వెడల్పయ్యాయి. బుర్ర సంగతి నాకు తెలియదు.

నాయకుల్ని నాయకులే దింపుతారు, వ్యాఖ్యాతలు కాదు. ఇన్నేళ్లలో నేను చూసింది అంతే. దింపండి అని రాయాల్సినప్పుడు రాయండి, భయపడకండి. కాకపోతే ఆ పక్కనే, దిగినా దిగకపోయినా రేపు పొద్దున ఎవరికి ఏం రావాలో కూడా రాయండి. నేను ఆ రెండోది రాయడానికి ట్యాంకర్ వెనక నడవాల్సి వచ్చింది.

ఎటువోతె అటు

ఆయన ఇంకా ఆ కుర్చీలోనే ఉన్న ఆ వేసవిలోనే, బావి మాట విన్న మర్నాడు, నేను దారి మార్చాను. ఆఫీసు వచ్చింది. దాటేశాను.

మారుతి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఆఫీస్ ఎనకవడ్డది సారూ."

"ఎటువోతె అటు అన్నడా లేదా?"

"అన్నడు."

"మరి నడువు."

దెగ్లూర్ రోడ్డు ఎక్కాం. ట్యాంకర్ ముందు, తడి వెనక, తడి మీద నేను. అంత దూరం అలా నడిచి ఎరగను. మిల్లు గోడ పక్కనుంచి, కాలిన గోదాము పక్కనుంచి, వాడలోకి తిరిగాం. నీళ్ల చప్పుడు విని తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు బిందెలతో, బకెట్లతో, నూనె డబ్బాలతో వచ్చారు. మారుతి బ్రేకు వేసి నీళ్లు కట్టేశాడు.

"సారూ, మీరు నన్ను నౌకరీకెంచి తీపిచ్చెటట్టున్నరు. ఆర్డర్ రోడ్డుకే ఉన్నది. బిందెలకు లేదు."

నేను ఏదో నీతి చెప్పబోయాను. సాయవ్వ నన్ను పక్కకు జరిపింది. తన బిందె తీసుకెళ్లి రోడ్డు మధ్యలో పెట్టింది. దాని పక్కన రాజవ్వ బిందె. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే రోడ్డు పొడుగునా బిందెలు బారులు తీరాయి.

"మారుతీ, బిందెలు యాడున్నయిరా?"

"రోడ్డు మీద."

"మరి నువ్వు రోడ్డు మీదనే చల్లు బిడ్డా. మేమేమన్నా అద్దన్నమా?"

మారుతి నవ్వు ఆపుకుంటూ బండి తిప్పి, బిందెల బారు పక్కనుంచి, పెళ్లి ఊరేగింపంత మెల్లగా పోనిచ్చాడు. చిల్లుల గొట్టం లోంచి వాన కురిసింది. ఇత్తడి మీద ఒక చప్పుడు, ప్లాస్టిక్ మీద ఒకటి, నూనె డబ్బా మీద ఒకటి. నిండుతున్నకొద్దీ ఒక్కొక్కటీ గొంతు మార్చుకుంది. సగం నీళ్లు నేలపాలయ్యాయి. సగం బిందెల్లోకి వచ్చాయి. నేను ఆ తడిలో నిలబడి కళ్లు మూసుకున్నాను.

ఆఫీసుకు పోయి, నా ఉద్యోగంలో మొదటిసారి, చివరిసారి, ఒక నాయకుణ్ని పొగుడుతూ వ్యాసం రాశాను. చైర్మన్‌సాహెబ్ పెద్దమనసు గురించి. ఆయన పంపిన ట్యాంకర్ నిన్న కూలీల వాడ దాహం తీర్చిందని. నా అడుగు ఎటు పడితే అటు నీళ్లు చల్లమన్నారు కాబట్టి నేను రోజూ ఆ వైపే నడవబోతున్నానని. తొట్టి, కొళాయి, బత్తాయి తోట, పైపు ఎక్కడ తిరిగిందో, ఎక్కడ తిప్పితే సరిపోతుందో, అన్నీ ఆ పొగడ్తలోనే వచ్చాయి. జోషి సార్ చదివి, కామా కూడా మార్చలేదు.

షకీల్ భాయ్ కేక వేశాడు: "సాబ్, ఫిర్ దో లైన్ కమ్! ఫోటో బడా కర్‌దూఁ?"

"వద్దు భాయ్. జరుగు."

ఈసారి కోపం లేదు. మెల్లగా, ఇష్టంగా కొట్టాను: "అంత పెద్ద మనసున్న మనిషి, ఆ పైపు వాడకు తిరిగి వచ్చే దాకా తన కాళ్లకు చెప్పులు తొడుగుతారని నేను అనుకోను."

డబ్బా నిండింది. ఒక్క అక్షరం అబద్ధం లేదు. అనుకోవడం నా ఉద్యోగం.

ఆ వారంలోనే ఆయనకు ఒక సత్కార సభ జరిగింది. సులోచనా నేనూ ముందు వరుసలో కూర్చున్నాం. ఆయన వేదిక ఎక్కుతుంటే సభలో ఎవరూ ముఖం చూడలేదు. తలలన్నీ ఒకేసారి కిందికి వంగాయి. ఆయన కాళ్లకు మంచి కొల్హాపురి చెప్పులున్నాయి. ఎక్కడో ఒక నవ్వు మొదలై వరుసలు దాటింది. ఆయన గబగబా కుర్చీలో కూర్చుని, రెండు కాళ్లూ బల్లమీది గుడ్డ కిందికి లాక్కున్నారు. శాలువా కప్పినప్పుడు లేవలేదు. మైకు తనే ముందుకు లాక్కుని, ఎవరూ అడగకుండానే, "పైపు రేపటి సంది వాడకు తిరుగుతది" అన్నారు. మర్నాడు తిరిగింది.

"ఆయన కాళ్లేడున్నయ్?" అని సులోచన నా చెవిలో అడిగింది.

"గుడ్డ కింద."

"మరి నీయి?"

నేను నా వెడల్పాటి, నల్లటి, పగిలిన పాదాలు రెండూ ఆయనకు ఎదురుగా, వేదిక దాకా చాపుకుని, హాయిగా వెనక్కి వాలి కూర్చున్నాను.